మూడొంతుల కాఫీ

కాపురానికి వచ్చిన మూడో రోజుకే అత్తవారింటి గుట్టు నాకు దొరికిపోయిందనుకున్నాను. వీళ్ళు పిసినారులు.

సాక్ష్యం కాఫీ కప్పు. అత్తయ్య పోసినా, మామయ్యగారు పోసినా, ఆఖరికి మా ఆయన పోసినా కాఫీ మూడొంతుల దగ్గర ఆగిపోయేది. పైన వేలెడు ఖాళీ. మంచినీళ్ళ గ్లాసుదీ అదే వరస, పాల గ్లాసుదీ అదే వరస. మా పుట్టింట్లో కాఫీ అంటే అంచు దాటి సాసర్లోకి కాస్త జారాలి, ఆ జారింది ముందు జుర్రుకోవాలి. అలా పెరిగినదాన్ని, ఆ వేలెడు ఖాళీని చూస్తే ప్రాణం ఉసూరుమనేది. అమ్మకి ఫోన్ చేసి గుసగుసగా చెప్పేశాను కూడా.

"పోన్లేవే, రెండోసారి అడిగి తాగు," అంది అమ్మ. "అడగడానికి నీకు సిగ్గెప్పుడుంది గనక!"

ఆ ఒక్క కప్పు తప్పిస్తే ఆ వేసవిలో నాకు దేనికీ లోటు లేదు. పెళ్ళయి మూడు నెలలు నిండలేదు. ఆయన చొక్కా జేబులో సుద్దముక్క మరిచిపోతే బట్టలు నానబెట్టిన బకెట్ నీళ్ళు పాలలా తెల్లబడేవి. దానికీ నవ్వొచ్చేది. ఆయనది ఓడలు విరిచే యార్డులో ఇంజనీరు పని. కాలం తీరిన ఓడని పెద్ద పోటు రోజున ఒడ్డుకెక్కిస్తే, దాన్ని ఎక్కడెక్కడ కోయాలో ఉక్కు మీద సుద్దతో గీతలు గీస్తారు. ఆ గీతల వెంట గ్యాసు మంటతో కోసేవాళ్ళు వేరే ఉంటారు.

"టైలరు కత్తెర పెట్టే ముందు గీతలు గీస్తాడు చూశావా, అదే నా పని. నా గుడ్డ కాస్త మందం, అంతే," అన్నారు మొదటిసారి అడిగినప్పుడు. ఈ మాటని నేను ఫోన్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

ఆ ఇంట్లో వింతలు ఇంకా ఉన్నాయి. బల్ల మీద తడిగుడ్డ పరిచి దాని మీద కంచాలు పెట్టేవాళ్ళు. అలమరలో ప్రతి అరకీ ముందు సన్నటి కమ్మీ ఉండేది. మంచం మీద దుప్పటి మూలలు కవరు అంటించినట్టు బిగుతుగా మడిచి ఉండేవి, కాళ్ళు దూర్చాలంటే యుద్ధం. డిగ్రీలో మూడేళ్ళు మొక్కలకి వర్గాలు నేర్చుకున్నదాన్ని కదా, వీటన్నిటినీ కలిపి 'పిసినారితనం, చాదస్తం' అని రెండు వర్గాలుగా విడగొట్టి ఊరుకున్నాను.

ఒక ఉదయం ధైర్యం చేసి మామయ్యగారి కప్పు నేనే నిండా పోసి పట్టుకెళ్ళాను. కొత్త కోడలి చెయ్యి ఎంత పెద్దదో తెలియాలి కదా.

వెనక వరండాలో ఆయన బూట్లకి పాలిష్ పెడుతున్నారు. మోకాళ్ళ నొప్పులతో వీధి గుమ్మం దాటి నెలలైంది గానీ, ఆ నల్లబూట్లకి మాత్రం రోజూ పాలిష్ పడాల్సిందే. కప్పు చూడగానే బ్రష్ కింద పెట్టేసి రెండు చేతులతో అందుకున్నారు.

"నా మీద ఏమైనా కోపమా అమ్మా?"

"అయ్యో, లేదు మామయ్యగారూ! ఏం?"

"ఇంత నిండా పోశావు. ఓడ ఒక్కసారి పక్కకి ఒరిగిందంటే ఇదంతా నీ చీర మీదే."

నేను చుట్టూ చూశాను. వరండా, తీగ మీద తువ్వాళ్ళు, మూల చీపురు. ఏదీ ఎటూ ఒరగడం లేదు.

వంటింట్లోంచి అత్తయ్య నవ్వు వినిపించింది. "ఈ ఇల్లు ఊగదని పదిహేనేళ్ళుగా చెప్తున్నానమ్మాయ్. వింటేనా! ఆయన ధ్యాసంతా ఇంకా నా సవతి మీదే."

"సవతా?"

"మీ ఆయన చెప్పలేదూ? మీ మామయ్యగారికి ఇద్దరు పెళ్ళాలు. పెద్దామె దగ్గర ఏడాదికి పది నెలలు, నా దగ్గర రెండు. అలా ఇరవై ఆరేళ్ళు."

మామయ్యగారు సిగ్గుపడ్డారు. ఆ పెద్దామె ఓడ. సముద్రాలు దాటించే పెద్ద ప్రయాణికుల ఓడ. అందులో ఆయన గదుల సర్వరు. ఓడలో పనిచేసేవాళ్ళంతా దాన్ని పెద్దావిడ అనేవాళ్ళట. పక్కలు వేయడం, కాఫీలు అందించడం, గదుల బయట విప్పిన బూట్లు తెల్లారేసరికి మెరిసేలా పాలిష్ చేసి పెట్టడం ఆయన పని. మూడొంతుల కాఫీ, తడిగుడ్డ, కమ్మీ, దుప్పటి మడత, అన్నీ అక్కడి నుంచి దిగినవే. నా రెండు వర్గాలూ ఒక్క దెబ్బకి ఎగిరిపోయాయి.

"ఎలా ఉండేది మామయ్యగారూ, పెద్దావిడ?" అని నేల మీద చతికిలబడ్డాను.

ఇక ఆయన ఆగితేనా! ఎనిమిది అంతస్తులు. తెల్లవారుజామున నడవాలో ఇస్త్రీ వాసన, తొక్క తీసిన నారింజల వాసన. కూత వేస్తే చెవికి కాదు, ముందు కడుపుకి తెలిసేదట. రేవు వదిలేటప్పుడు పైనుంచి ప్రయాణికులు రంగుకాగితం చుట్టలు విసిరితే ఒక కొస వాళ్ళ చేతిలో, ఇంకో కొస ఒడ్డున వాళ్ళ మనుషుల చేతిలో ఉండేది. ఓడ కదిలేకొద్దీ అవి సాగి సాగి, ఒక్కొక్కటే తెగి నీళ్ళలో పడేవి.

"తర్వాత విమానాలొచ్చాయి," అన్నారు. "పది రోజుల దారి పది గంటలైంది. ఇంక గది బయట బూట్లు విప్పే తీరిక ఎవరికుంటుంది?"

"ఇప్పుడెక్కడుందో మరి?"

"ఏదో రేవులో కట్టేసి హోటల్ చేశారట. దీపాలవీ పెట్టి బాగానే చూసుకుంటున్నారని ఎవరో చెప్పారు."

పొద్దుటి షిఫ్టుకి బయల్దేరుతున్న మా ఆయన గుమ్మంలో ఆగి, లేని దుమ్మేదో చొక్కా మీంచి దులుపుకున్నారు. నా వైపు చూడకుండానే అన్నారు, "ఈ నెలంతా ఓడ సామాన్ల వీధికి వెళ్ళకు. దుమ్ము. నీకు పడదు."

నా మీద ఎంత ప్రేమో అని రోజంతా మురిసిపోయాను.

కానీ పెళ్ళయి వందో రోజు వస్తోంది. ఆయనకి తెలియకుండా ఏదైనా కొనాలి. మా ఇంటికి రెండు మలుపుల అవతల ఉన్న ఆ వీధిని మించిన చోటు ఎక్కడుంది? విరిచే ఓడల్లోంచి దించిన సామానంతా అక్కడికే వస్తుంది. పరుపులాయన, అద్దాలాయన, పింగాణీ అక్క, అందరికీ అమ్మే సరుకే పేరు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళాను. మా ఆయన మాట సగం విన్నట్టే కదా.

తలుపులాయన కొట్టు ముందు ఒక ఇల్లు కూడా లేకుండా వంద తలుపులు నిలబడి ఉన్నాయి.

"ఈ తలుపు తీస్తే ఎక్కడికి వెళ్తామండీ?" అన్నాను ఒకదాని పిడి పట్టుకుని.

"పక్క తలుపు దగ్గరికమ్మా," అన్నాడాయన తల ఎత్తకుండా.

అప్పుడు కనిపించింది. ముందు అద్దం బిగించిన చెక్కపెట్టె. లోపల రెండు వరసల్లో పదహారు బుల్లి కిటికీలు, వాటి కింద నలభై ఒకటి నుంచి యాభై ఆరు దాకా అంకెలు. గదిలో ప్రయాణికుడు మీట నొక్కితే, ఇక్కడ ఆ అంకె పైన తెల్ల బిళ్ళ టప్పున పడుతుంది, సర్వరు పరుగెత్తాలి అని తలుపులాయన చెప్పాడు. ఒడ్డున కొత్తగా ఎక్కిన పెద్ద ఓడలోదట. నలభై ఒకటి మా ఆయన, నలభై రెండు నేను అని అక్కడికక్కడే పంచేసుకుని, పెట్టెని చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. కాళ్ళు నేల మీద ఆనలేదు.

పనిలో పని మామయ్యగారు కూడా సంతోషిస్తారని నేరుగా వరండాలోకే తీసుకెళ్ళాను. ఆయన పెట్టెని ఒళ్ళో పెట్టుకున్నారు. వెతక్కుండానే ఆయన బొటనవేలు అడుగునున్న గడియ మీదికి పోయింది. నేనూ తలుపులాయనా ఇద్దరం వెతికినా దొరకని గడియ అది. అద్దం తెరుచుకుంది.

నలభై ఏడు అంకె ఉన్న కిటికీ మూలలో విరిచిన అగ్గిపుల్ల ముక్క దోపి ఉంది. పాతబడి నల్లబడింది.

"ఇది నేను పెట్టిందే," అన్నారు.

"ఏంటి మామయ్యగారూ?"

"దీని స్ప్రింగు వదులమ్మా. పెద్ద అల వస్తే బిళ్ళ దానంతటదే పడిపోయేది. నేను పరుగెత్తుకెళ్ళి 'పిలిచారా అండీ' అంటే, లేదయ్యా అనేవాళ్ళు. ఒకటికి పదిసార్లయ్యాక అగ్గిపుల్ల విరిచి దోపాను." నవ్వుతూనే చెప్పారు. నవ్వు సగంలో ఉండగానే అడిగారు, "ఎక్కడిదన్నావు?"

చెప్పాల్సొచ్చింది. ఒడ్డున ఉన్న పెద్ద ఓడలోది. ఆఖరి ప్రయాణానికి పాతపేరు మీద రంగు పూసి, ఏదో పొట్టిపేరు రాసి తెచ్చారట.

ఆయన అద్దం మూసి గడియ పెట్టారు. దుమ్ము నాకు పడదని మా ఆయన ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి పెట్టె బల్ల మీద ఉంది. చూడగానే చెప్పులు విప్పడం మరిచిపోయారు.

"వచ్చి ఎన్నాళ్ళయిందిరా?" అన్నారు మామయ్యగారు.

"ఇరవై రెండు రోజులు నాన్నా."

"కోత?"

"సోమవారం నుంచి. ముక్కు వైపు నుంచి."

"గీతలు గీసేది ఎవరు?"

మా ఆయన చేతులు వెనక్కి దాచుకున్నారు. వేళ్ళకి సుద్ద ఉంది. మామయ్యగారు మూడొంతుల కాఫీ అలాగే వదిలేసి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు మేడ మీద బట్టలు ఆరేస్తుంటే మా ఆయన వచ్చి తీగ పట్టుకుని నిలబడ్డారు. తప్పు నాదేనని నేను ఏడుస్తున్నాను. "నీది కాదు," అన్నారు. "వేరేవాణ్ణి పెట్టమని అడగబోయి మానేశాను. నేను కాకపోతే ఇంకొకడు గీస్తాడు. నేనైతే కాస్త చూసి గీస్తానని..." ఒక చొక్కా తీసుకుని రెండుసార్లు పిండారు. అది అప్పటికే ఆరిపోయింది.

ఇక మా ఇంట్లో వింత భోజనాలు మొదలయ్యాయి. తండ్రీ కొడుకులు ఎదురెదురుగా కూర్చునేవారు. "మీ ఆయనకి కూర కావాలేమో అడుగమ్మా," అనేవారు మామయ్యగారు. "వద్దని చెప్పు," అనేవారు మా ఆయన. మధ్యలో నేను, ఇటో మాట అటో మాట మోస్తూ.

"నాకు ఇద్దరు పిల్లల్ని పెంచిన అనుభవం లేదు," అనేది అత్తయ్య. "ఇప్పుడు వచ్చింది."

సోమవారం నుంచి రోజుకి రెండుమూడుసార్లు ఒడ్డు వైపు ధన్ మని చప్పుడయ్యేది. కోసిన ముక్క ఇసుకలో పడినప్పుడల్లా మా కిటికీలు అదిరేవి, గిన్నెలు గలగలమనేవి. తడిగుడ్డ మీద కంచాలు మాత్రం కదిలేవి కావు. మూడొంతుల కాఫీ ఒలికేది కాదు. చప్పుడైన ప్రతిసారీ మామయ్యగారు బ్రష్ ఆపేవారు. మళ్ళీ మొదలుపెట్టేవారు.

"ఒక్కసారి తీసుకెళ్ళి చూపించండి," అన్నాను మా ఆయనతో.

"అమ్మ చేత అడిగించాను. చూడను అన్నారట. నాన్న పనిచేసిన నడవా శుక్రవారం దాకా ఆపగలను. ఆ తర్వాత నా చేతిలో లేదు."

ఈ మాట అత్తయ్యకి చేరవేశాను. మోయడం అప్పటికి బాగా అలవాటైంది. గురువారం పొద్దున్నే అత్తయ్య మంచి చీర కట్టుకుని, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వరండాలోకి వచ్చి నిలబడింది.

"నేనూ కోడలూ వెళ్తున్నాం."

"ఎక్కడికే?"

"ఇరవై ఆరేళ్ళు నా మొగుణ్ణి దగ్గర పెట్టుకుంది. దాని మొహం ఒక్కసారైనా చూడొద్దూ?"

"ఆ మెట్లు నువ్వెక్కలేవు."

"ఎక్కలేకపోతే పడతా. మీకెందుకు, మీరు రావట్లేదుగా."

మామయ్యగారు కాసేపు బూట్ల వైపు చూశారు. తర్వాత వాటిలో కాళ్ళు దూర్చారు. "మెట్ల దగ్గర పట్టుకోవడానికి వస్తున్నానంతే," అన్నారు. "పైకి రాను."

యార్డు గేటు దగ్గర మా ఆయన పచ్చ హెల్మెట్లతో ఎదురుచూస్తున్నారు. మేనేజరు అరగంట ఇచ్చాడట, కోత జరిగే ముక్కు వైపు వెళ్ళకూడదన్న షరతు మీద. అత్తయ్య ముడి మీద హెల్మెట్ కూర్చోలేదు. అక్కడే నిలబడి ముడి విప్పి జడ వేసుకుంది. "పెళ్ళిచూపుల్లో కూడా ఇంత హడావిడి లేదు," అంది.

మలుపు తిరిగాక పెద్దావిడ కనిపించింది. నేను ఫోటోల్లో చూసేలాంటి తెల్లటి ఓడని ఊహించుకున్నాను. ఇసుకలో ఒక వీధి వీధంతా లేచి నిలబడినట్టుంది. ఒళ్ళంతా తుప్పు చారలు, వందల కిటికీలు, ముందు ముక్కు లేదు. కోసిన చోట అంతస్తులు అంతస్తులుగా లోపలి గదుల రంగులు కనిపిస్తున్నాయి. లేత నీలం, గులాబీ, మీగడ. ఎవరో స్నానాల గదికి వేసుకున్న గులాబీ పలకలు అలా ఎండలో పడి ఉంటే నాకు చూడబుద్ధి కాలేదు.

అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. పక్కనున్న ఇనపమెట్లు ఒక్కొక్కటీ ఎక్కింది. ప్రతి మెట్టు దగ్గరా వెనక మామయ్యగారి చెయ్యి ఉంది. పైకి రానన్న మనిషి ఏ మెట్టు దగ్గర ఆ మాట మరిచిపోయారో నేను చూడలేదు.

నడవాలో తివాచీ పీకేశారు, దీపాలు తీసేశారు. చాలా గదులకి తలుపులు లేవు, అవి ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఓడ ఇసుకలో కాస్త పక్కకి ఒరిగి ఉంది. మేమంతా గోడ పట్టుకుని నడుస్తుంటే మామయ్యగారు కాళ్ళు ఎడం చేసి తిన్నగా నడిచారు. ఇంట్లో కుర్చీలోంచి లేవడానికి మూలిగే మోకాళ్ళే అవి. కమ్మీ ఎప్పుడో తీసేసిన గోడ వెంట, కమ్మీ ఉండాల్సిన ఎత్తులో ఆయన చెయ్యి జారుతూ పోయింది. ఒకచోట గోడ మీద తెల్లటి నలుచదరం, నాలుగు మేకుల రంధ్రాలు. నా పెట్టె ఒకప్పుడు ఉన్న చోటు. అక్కడ ఆయన ఆగిపోయారు.

నలభై ఏడుకి తలుపుంది. దాని మీద సుద్దతో 'చివర' అని మా ఆయన చేతిరాత. లోపల మంచం, పరుపు, కర్టెన్, ఏదీ ఎవరూ ముట్టుకోలేదు.

అత్తయ్య మంచం మీద కూర్చుని ఒకసారి ఎగిరి చూసింది. "ఓయమ్మో. ఇంత మెత్తటి పక్కలేసి కాఫీలందించేవారా అందరికీ?" గోడకి చిన్న మీట కనిపించింది. "ఇదేనా అమ్మాయ్, నువ్వు చెప్పిన బెల్లు?"

కరెంటు లేదు, పెట్టె ఇంట్లో ఉంది. అయినా అత్తయ్య వేలుపెట్టి గట్టిగా నొక్కింది. చప్పుడేమీ కాలేదు.

నడవాలో బూట్ల అడుగులు వినిపించాయి. మామయ్యగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ముంజేతి మీద ఇస్త్రీ చేసిన తెల్ల రుమాలు. మెట్లు పట్టుకోవడానికే వచ్చిన మనిషి దాన్ని ఎప్పుడు ఇస్త్రీ చేసి జేబులో పెట్టుకున్నారో!

"పిలిచారా అమ్మగారూ?" అన్నారు.

ఏమే, ఒసేయ్ తప్ప ఆయన ఆవిడని ఇంకోలా పిలవగా నేను వినలేదు. అత్తయ్య మొహం చిన్నపిల్లలా ఎర్రబడింది. హెల్మెట్ సర్దుకుని, గొంతు సవరించుకుంది.

"కాఫీ తీసుకురండి."

నేను ఫ్లాస్కు అందించాను. ఆయన దాని మూతలోకి పోశారు. మూడొంతుల దగ్గర చెయ్యి దానంతటదే ఆగింది.

"నిండా పొయ్యండి," అంది అత్తయ్య మెల్లగా. "ఇంక ఊగదుగా."

ఆయన అంచు దాకా పోశారు. ఒరిగిన నేల మీద నాలుగడుగులు, ఒక్క చుక్క తొణకకుండా తీసుకెళ్ళి ఆవిడ చేతికిచ్చారు.

సరిగ్గా అప్పుడే ముక్కు వైపు ఏదో పెద్ద ముక్క పడింది. ధన్! పాదాల కింద ఓడ మొత్తం ఒక వణుకు వణికింది. కర్టెన్ ఇటునుంచి అటు ఊగింది. నిండు కాఫీ అత్తయ్య మంచి చీర మీద.

మామయ్యగారు రుమాలుతో ముందుకి వంగారు.

"అందుకే చెప్పేది," అన్నారు, "మూడొంతులని."

"చూశావా అమ్మాయ్!" అత్తయ్యకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. "పోతూ పోతూ కూడా నా మీద అక్కసు తీర్చుకుంది, మాయదారిది!"

నేను నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. నడవాలో గోడకి ఆనుకుని నిలబడ్డ మా ఆయన కూడా నవ్వుతున్నారు, మొహం అటు తిప్పుకుని. మామయ్యగారు చీర మీద మరక అద్దుతూనే ఉన్నారు. ఎంతసేపు అద్దారో.

అరగంట అయిపోయింది. బయటికి వస్తూ మామయ్యగారు నలభై ఏడు పక్క గోడ దగ్గర ఆగారు. పైనుంచి కిందికి సుద్దగీత. దాని చుట్టూ చెరిపి మళ్ళీ గీసిన మసకలు.

"ఎన్నిసార్లు చెరిపావురా దీన్ని?"

పదకొండు రోజుల తర్వాత నేను మొయ్యనక్కర్లేని మొదటి మాట అది.

"నాలుగుసార్లు."

"అయినా వంకరే పోయింది."

"ఓడ ఒరిగి ఉంది నాన్నా."

"ఒరిగితే? ఇంతకంటే ఒరిగినప్పుడు నేను ట్రే మోశాను." ఆయన చెయ్యి చాచారు. మా ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చారు. తండ్రి గోడ మీద అరచెయ్యి ఆనించి, పాత గీత పక్కనే, నిలువుగా, నిదానంగా ఒక గీత గీశారు. ఒక్క వంకర లేదు.

"ఇలా," అన్నారు. "రేపు దీని వెంట కొయ్యమను."

వానలు మొదలయ్యేసరికి ఒడ్డు ఖాళీ అయింది. గిన్నెలు గలగలమనడం మానేశాయి. పెట్టె మా వంటింటి గోడ మీద ఉంది. మా ఆయన తీగలు కలిపి ఇంట్లో మూడుచోట్ల మీటలు పెట్టారు. అత్తయ్య గది మీట నలభై ఏడుది. అగ్గిపుల్ల తీయలేదు. అయినా ఆ బిళ్ళే అన్నిటికంటే ఎక్కువగా పడుతుంది. మామయ్యగారు విసుక్కుంటూ లేస్తారు, రుమాలు వెతుక్కుంటారు.

మొన్న పుట్టింటికి వెళ్ళాను. అమ్మకి కాఫీ నేనే కలిపి తెచ్చాను. కప్పు చూసి అమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో నా తల్లీ! వాళ్ళ పిసినారితనం నీకూ అంటుకుందా?"

"నిండా పోస్తే ఒలికిపోతుందమ్మా."

"ఎందుకు ఒలుకుతుందే?"

"ఊగితే?" అన్నాను.

అమ్మ ఒకసారి నేల వైపు చూసింది. ఒకసారి నా మొహంలోకి చూసింది. తర్వాత, ఎందుకైనా మంచిదని, కప్పుని రెండు చేతులతో పట్టుకుంది.